ద్వారకానాథ్ గారి ఉక్క

ద్వారకానాథ్ గారికి ఉక్కపోస్తుంది. ఎండాకాలంలో కాదు. ఎండాకాలంలో అందరికీ పోస్తుంది, అందులో ఆయన గొప్పేముంది? ఆయనకు జూలై నెలలో, మెల్‌బోర్న్‌లో, ముక్కు ఉందో ఊడిందో తడిమి చూసుకోవలసిన చలిలో పోస్తుంది. ఎవరింట్లో అడుగు పెట్టినా బూట్లు పూర్తిగా విప్పకముందే "అబ్బబ్బ, ఏం ఉక్కండీ బాబూ!" అంటారు. తిన్నగా కిటికీ దగ్గరికి నడుస్తారు. దాన్ని బెత్తెడు తెరుస్తారు. ఆ కిటికీ పక్కనున్న కుర్చీలోనే, దాన్ని తనకోసమే వేసినట్టు, చతికిలబడతారు. ఇక లేవరు.

ఆ ఊళ్లోని క్లేటన్ పేట చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఈ ఉక్క బారిన పడనివాళ్లు లేరు. ఒకరింట్లో వ్రతం జరుగుతుంటే, కథ మధ్యలో కిటికీ తెరిచారు. దీపాలు ఆరిపోయాయి, పంతులు గారు తుమ్మారు, కథలో వర్తకుడి పడవ మునిగిందో తేలిందో ఎవరికీ వినపడలేదు. ఇంకొకరింట్లో సీమంతం. పేరంటాళ్లంతా పట్టుచీరల మీద దుప్పట్లు కప్పుకొని గాజులు తొడిగించుకున్నారు. ఆ ఫోటోలు చూస్తే సీమంతంలా ఉండదు, తుఫాను బాధితుల శిబిరంలా ఉంటుంది.

ఎందుకిలా అంటే తలా ఒక మాట చెప్పేవారు. ఆయన బ్యాంకు మేనేజరుగా పనిచేసి ఏసీ గదులకు మరిగిపోయారని కొందరు. హీటరు బిల్లు తనది కాదు కదా, అందుకని ఆ ధీమా అని కొందరు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే వీధి బాగా కనబడుతుందని, వచ్చేపోయేవాళ్లను చూడడం ఆయనకు సరదా అని మరికొందరు.

చిత్రమేమిటంటే, అంత ఉక్కపోసే మనిషి కోటు మాత్రం విప్పరు.

"విప్పండి అంకుల్, లోపల తగిలిస్తాను" అని ఇంటివాళ్లు చెయ్యి చాపితే, "వద్దమ్మా, మడత నలుగుతుంది" అంటారు.

ఆ కోటు జేబులో సబ్బుపెట్టెంత తెల్లటి డబ్బీ ఒకటి ఉంటుంది. కూర్చోగానే దాన్ని తీసి పక్కన పెట్టుకుంటారు.

"అదేమిటి అంకుల్?"

"రేడియో అమ్మా."

"పాడదేం?"

"పాడకపోవడమే దాని మంచితనం."

అలాంటి మనిషికీ కౌసల్యకూ పడలేదంటే తప్పు కౌసల్యది కాదు. 

కౌసల్యది బాపట్ల. నాలుగో తరగతి దాకానే చదువుకుంది కానీ ఆ నాలుగూ గట్టిగా చదువుకుంది. భర్త పోయాక కూతురు కిరణ్మయి, అల్లుడు శివప్రసాద్ పట్టుబట్టి తమ దగ్గరికి తెచ్చుకున్నారు. ఇద్దరూ ఆఫీసులకు పోతే, తొమ్మిదేళ్ల మనవరాలు లిఖితకు అన్నం పెట్టేదీ, ఇల్లు నడిపేదీ కౌసల్యే. ఇల్లు అద్దెది, పాత ఇటుకల ఇల్లు. హాల్లో గోడకు గోధుమరంగు గ్యాస్ హీటరు ఒకటి ఉంది. దాని పొగగొట్టం గోడలోంచి ఇంటి కప్పు మీదకు పోతుంది. ఎప్పటిదో, ఎవరు పెట్టించారో తెలియదు కానీ మీట తిప్పితే భుగ్గున అంటుకుని ఇల్లంతా వెచ్చబడేది. కౌసల్యకు అదంటే ప్రాణం.

ఆ ఇంట్లో ఆవిడకు ఇద్దరే శత్రువులు. ఒకటి చలి, రెండోది పోపు వాసన. కిరణ్మయి కోటుకు ఇంగువ వాసన పట్టి, ఆఫీసులో ఎవరో "నైస్ స్మెల్, ఏమిటది?" అని అడిగారట. అది మెచ్చుకోలు కాదని కూతురు బాధపడింది. అంతే, ఆ రోజునుంచి కౌసల్య పొయ్యి మీది పొగ లాగే ఫ్యాను పొద్దున్న కాఫీకి వేస్తే రాత్రి మజ్జిగ దాకా ఆపలేదు. అదీ మూడో నంబరు మీద, విమానం లేస్తున్నంత చప్పుడుతో. చలి రాకుండా కిటికీలన్నీ బిగించింది. తలుపుల కింద సందుల్లో పాత నేత చీరలు పాముల్లా చుట్టి దోపింది. మిరపకాయలు వేయించినప్పుడల్లా కీచుమనే పొగ అలారానికి స్నానాల గదిలోని ప్లాస్టిక్ టోపీ తొడిగింది.

"అమ్మా, అది సేఫ్టీ కోసం పెట్టింది" అంది కిరణ్మయి.

"ఇంటికి కాపలా అయితే దొంగ వస్తే అరవాలి. నా వంట మీద చాడీలు చెప్పడానికి ఇదేమైనా మా ఆడపడుచా?" అంది కౌసల్య.

కిరణ్మయికి కూడా వంటవేళ ఆ కీచులాట భరించడం కష్టంగానే ఉంది. ఊరుకుంది.

అలా సర్దుకున్న ఇంట్లోకి నెలకోసారో రెండుసార్లో ద్వారకానాథ్ గారు, ఆయన భార్య శారదాంబ వచ్చేవారు. రాగానే ఉక్క, కిటికీ, కుర్చీ, రేడియో. కౌసల్య చుట్టి పెట్టిన చీర పాముల్ని కాలితో పక్కకు జరిపేవారు కూడా. అక్కడితో ఆగక, "చెల్లెమ్మా, ఆ ఫ్యాను చప్పుడుకి నా చెవి గింగురుమంటోంది. కాస్త ఆపుదూ!" అనేవారు.

"ఉక్కపోస్తోందంటారు, ఫ్యాను ఆపమంటారు. మీ ఒంటికి ఒక మాటంటూ లేదా అన్నయ్య గారూ?"

"లేదమ్మా. అదే నా జబ్బు."

"తాతా, ఇట్స్ ఫ్రీజింగ్!" అనేది లిఖిత.

"అందుకే తల్లీ, నువ్వా సోఫాలో కూర్చో. గాలి మొత్తం నేను తాగేస్తాను."

ఆ చలికాలం కౌసల్యకు తలనొప్పి పట్టుకుంది. పొద్దున్న బాగానే లేచేది. సాయంత్రానికి తల దిమ్మెక్కి, కడుపులో తిప్పి, మంచమెక్కేది. అల్లుడికీ తలనొప్పే కానీ అతను దాన్ని మీటింగుల ఖాతాలో వేశాడు. లిఖిత హోంవర్కు ముందు కూర్చుని నిద్రపోతుంటే కిరణ్మయి ఐప్యాడ్‌ను తిట్టింది. కౌసల్యను మాత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. పరీక్షలన్నీ చేసి, అంతా బాగానే ఉంది, వయసు మీద పడింది, పైగా ఈ చలి కొత్త అన్నాడాయన.

"వయసు ఒళ్లంతా వదిలేసి తలలోకే ఎక్కుతుందా?" అని తెలుగులో అడిగింది కౌసల్య. కిరణ్మయి ఇంగ్లీషులోకి మార్చి చెప్పలేదు.

ఒకరోజు అల్లుడు గొంతు సవరించుకుని, "అత్తయ్యగారూ, మీకిక్కడ పడట్లేదు. ఆగస్టులో టికెట్లు చవగ్గా ఉన్నాయి" అన్నాడు. కిరణ్మయి కళ్లనీళ్లు పెట్టుకుంది కానీ కాదనలేదు. తల్లి రోజూ పడుతున్న బాధ కళ్లారా చూస్తోంది మరి.

కౌసల్య తనలో తనే లెక్క వేసుకుంది. బాపట్లలో ఎక్కడ దిగాలి? అన్నగారింట్లో. అన్నగారింట్లో ఎవరుంటారు? కుసుమ వదిన. ఆస్ట్రేలియా వెళ్తున్నానని చెప్పిన నాడే "ఆ చలికి నువ్వాగలేవులే కౌసల్యా" అన్న మనిషి. ఆ గుమ్మంలోకి పెట్టె పట్టుకుని ఓడిపోయి వెళ్లడం ఒక ఎత్తు. పొద్దున్న లేస్తూనే లిఖితకు జడ వేయకుండా ఉండడం ఇంకో ఎత్తు. ఈ రెండోదాన్ని ఆవిడ ఎవరితోనూ అనలేదు.

అయితే ఈ తలనొప్పిలో ఒక తిరకాసు ఉంది. దాన్ని కిరణ్మయే పట్టుకుంది.

"అమ్మా, నిన్న నీకు తలనొప్పి రాలేదు కదూ? నిన్న ద్వారకానాథ్ అంకుల్ వచ్చారు. ఆ ముందు వచ్చినప్పుడూ అంతే. ఆయనొస్తే నీకు తలనొప్పి ఉండదు!"

"నోర్ముయ్."

"అంకుల్ని వారానికి రెండుసార్లు డోసులాగా పిలుద్దామా?"

"అట్లకాడ ఎక్కడ పెట్టానే? కాస్త అందుకో, నీ వీపు దానికోసం ఎదురుచూస్తోంది!"

పైకి అలా అన్నా కౌసల్య ఆలోచనలో పడింది. లెక్క చూసుకుంటే నిజమే. ఆ మనిషి వచ్చిన రోజున తల హాయిగా ఉంటోంది. ఆ మొహం చూస్తే తలనొప్పి పోవడమేమిటి? లేనిది రావాలి గానీ! అన్నయ్యగారూ అని పిలిచే మనిషి గురించి ఇలాంటి అనుమానం, అదీ ఈ వయసులో! కౌసల్య దేవుడి గూటి ముందు నిలబడి, ఆయన రాకపోయినా నా తల నొప్పి పెట్టకుండా చూడు స్వామీ అని గట్టిగానే మొక్కుకుంది.

టికెట్టు కొన్నారు. వెళ్లేముందు శనివారం ద్వారకానాథ్ దంపతుల్ని భోజనానికి పిలిచారు. ఇదే ఆఖరి విందు గనక కౌసల్య పంతం పట్టింది. ఈ ఇంట్లో నా చేతి గారె వేడిగా తినాలంటే ఈ ఇల్లు వేడిగా ఉండాలి. ఈ ఒక్కరోజూ ఆ మనిషి ఉక్క సాగనివ్వను.

ఆ ఇంటి కిటికీలకు బుల్లి తాళాలున్నాయి. అన్నీ బిగించి, తాళంచెవుల గుత్తిని తీసుకెళ్లి మెంతుల డబ్బాలో అడుక్కంటా దూర్చింది. హీటరు నిండా తిప్పింది. ఫ్యాను మూడు మీద వేసింది. పులిహోర, గుత్తి వంకాయ, గారెలు. పదకొండయ్యేసరికి తల పగిలిపోతోంది. ఇవాళ ఓర్చుకుంటే ఇంకేముంది, విమానంలో పడుకోవచ్చు అనుకుంది. హాల్లో లిఖిత హీటరు ముందు సోఫాలో ముడుచుకుని నిద్రపోయింది. శివప్రసాద్ కణతలు నొక్కుకుంటూ ప్లేట్లు సర్దుతున్నాడు.

గుమ్మంలో గొంతు వినపడింది.

"అబ్బబ్బ, ఏం ఉక్కండీ బాబూ!"

కౌసల్య గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ద్వారకానాథ్ గారు కిటికీ దగ్గరికి నడిచారు. పట్టి లాగారు. రాలేదు. రెండో కిటికీ లాగారు. అదీ రాలేదు.

"చెల్లెమ్మా, తాళంచెవి?"

"నాకంటే ముందే బాపట్ల వెళ్లింది అన్నయ్య గారూ."

"వేళాకోళం కాదమ్మా..."

ఆయన మాట పూర్తికాలేదు. కోటు జేబులోంచి చెవులు చిల్లులు పడేలా కీచుమని మోత.

"మీ రేడియో పాడుతోంది" అంది కౌసల్య.

"అవునమ్మా" అన్నారాయన. "పాడింది."

ఆ పైన ఆయన్ని చూసినవాళ్లు బ్యాంకు మేనేజరనుకోరు, పెళ్లిలో ఫోటోగ్రాఫరనుకుంటారు. "ఫోటో! గ్రూపు ఫోటో! బయట వెలుతురు బ్రహ్మాండంగా ఉంది, మబ్బు పట్టేలోపు రావాలి! శివప్రసాద్, పాపని ఎత్తుకో! కిరణ్మయీ, నడువమ్మా! శారదా, వీధి తలుపు బార్లా తెరువు!" అంటూనే హీటరు మీట కట్టేశారు. వంటింట్లోకి దూరి పొయ్యి ఆర్పేశారు.

"గారెలు నూనెలో ఉన్నాయి!" అని కౌసల్య కేక పెట్టింది.

"గారెలు ఫోటోలో పడవు చెల్లెమ్మా, నువ్వు పడతావు, పద!" అని గరిటెతో సహా ఆవిడ రెక్క పట్టుకుని బయటికి నడిపించారు. నడిపించారు గనక సరిపోయింది. గుమ్మం దాటేసరికి ఆవిడ కాళ్లు తేలిపోయాయి.

ముందున్న పచ్చికలో అందర్నీ వరసగా కూర్చోబెట్టారు. లిఖిత కళ్లు తెరవడానికి కొంచెం సేపు పట్టింది. ఆ కొంచెం సేపూ ద్వారకానాథ్ గారు దాని బుగ్గలు తడుతూనే ఉన్నారు. అది "తాతా, స్టాపిట్" అని విసుక్కున్నాక ఆయన ఊపిరి వదిలి ఫోన్ తీశారు.

"అందరూ ఇటు చూడండి, నవ్వండి" అని ఒక ఫోటో తీసి, ఫోన్ చెవికి పెట్టుకుని అటు తిరిగి ఇంగ్లీషులో ఇంటి అడ్రసు చెప్పడం మొదలుపెట్టారు. మధ్యమధ్య ఇటు తిరిగి "నవ్వు ఆపకండి!" అంటున్నారు.

లిఖిత కళ్లు నులుముకుంది. "అమ్మమ్మా, తాత ఈజ్ టేకింగ్ ది ఫోటో విత్ హిజ్ ఇయర్!"

"నాకిది ముందే తెలుసు" అంది కౌసల్య. "ఈయనకు ఉక్క తలకెక్కింది."

గంట కొట్టుకుంటూ ఎర్ర బండి వచ్చి ఇంటి ముందాగేదాకా ఎవరికీ విషయం అర్థం కాలేదు.

"నా గారెలకు ఫైరింజనా?" అంది కౌసల్య. అప్పుడు భయం వేసింది.

ముఖాలకు తొడుగులు వేసుకుని ఇద్దరు లోపలికి వెళ్లారు. చేతిలో మీటరు పట్టుకుని బయటికొచ్చి, ఈ ఇంట్లో ఇంకో గంట ఉంటే మేం వచ్చే పని వేరేగా ఉండేది అన్నారు. ఆ హీటరు మండినప్పుడు పుట్టే విషవాయువు కప్పు మీదకు పోకుండా ఇంట్లోనే నిండిందట. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగ లేదు. తలనొప్పి తెస్తుంది, కడుపులో తిప్పుతుంది, నిద్ర తెస్తుంది. ఆ నిద్రలోంచి లేవనివ్వకపోనూవచ్చు.

ఆస్పత్రిలో అందరికీ ఆక్సిజన్ మాస్కులు పెట్టారు. మధ్యాహ్నానికి కౌసల్య తల కడిగిన పళ్లెంలా తేటపడింది. రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ, ఇన్నాళ్ల తలనొప్పీ దీనివల్లేనని చెప్పింది. కిరణ్మయి ఏడుస్తూ, నవ్వుతూ తల్లి చెవిలో తెలుగులో చెప్పింది.

"అయితే వయసు కాదన్నమాట!"

"కాదమ్మా."

"చలీ కాదు?"

"కాదు."

"ఫోన్ ఇలా ఇవ్వు. కుసుమ వదినతో మాట్లాడాలి."

శివప్రసాద్ వరండాలోకి వెళ్లి టికెట్టు రద్దు చేసి వచ్చాడు. డబ్బు వెనక్కి రాదట. అతని ముఖంలో అంత సంతోషం కౌసల్య ఎప్పుడూ చూడలేదు.

ఇల్లు బాగయ్యేదాకా వాళ్లందరూ ద్వారకానాథ్ గారింట్లోనే ఉన్నారు. ఆ సాయంత్రం కౌసల్య మంచినీళ్లకని వెళ్తూ పక్కగదిలోకి తొంగిచూసి నిలబడిపోయింది. ద్వారకానాథ్ గారు మంచం మీద ముడుచుకుని ఉన్నారు. నెత్తిన కోతిటోపీ. ఒంటి మీద రెండు స్వెట్టర్లు, ఆ పైన రజాయి. పొట్ట మీద వేడినీళ్ల సంచి. పళ్లు టకటకమంటున్నాయి.

"ఉక్కపోస్తోందా అన్నయ్య గారూ?"

ఆయన రజాయి గబుక్కున తోసేయబోయి, సంచి జారి, దొరికిపోయారు.

"ఆయనకా ఉక్క?" అని వెనకనుంచి శారదాంబ నవ్వింది. "ఏప్రిల్లో వేసిన మేజోళ్లు నవంబరు దాకా విప్పరు. మీ ఇళ్లకు వచ్చే ముందు కోటు లోపల ఏమేం తొడుక్కుంటారో నాకు తెలుసు. అందుకే కదా కోటు విప్పనిది!"

"మరి ఆ కిటికీ?"

"మేము వచ్చిన కొత్తలో మాకూ ఇలాగే అయింది వదినా. పక్కింటి ముసలాయన తలుపు బాదకపోతే ఇవాళ మేము లేము. అప్పట్నుంచీ ఈయన అందరికీ చెప్పడం మొదలుపెట్టారు. మీ హీటరు చూపించుకోండి, ఫ్యాను వేస్తే కిటికీ తెరవండి అని. ఒకావిడ, మా ఇల్లు అద్దెదని చులకనా అని మాతో మాట మానేసింది. ఇంకొకాయన, మా వంటింటికి వంక పెడతారా అని కోప్పడ్డాడు. ఇంక చెప్పడం మానేసి ఉక్క మొదలుపెట్టారు. తెలిసినవాడు చెప్తే ఎవరూ వినరుట, పిచ్చివాడైతే కిటికీ తెరుచుకోనిస్తారుట."

"ఆ కుర్చీ?"

"ఆ చలిగాలి ఇంకెవరికీ తగలకూడదని. అడ్డం కూర్చుంటారు. ఆ రేడియో కూడా రేడియో కాదు, ఆ విషవాయువును పసిగట్టి మోగే డబ్బీ."

కౌసల్య వంటింట్లోకి వెళ్లి, అల్లం దండిగా దంచి టీ పెట్టి తెచ్చి, "తాగండి. ఉక్క తగ్గుతుంది" అంది.

సోమవారం గ్యాస్ మనిషి వచ్చి హీటరు విప్పాడు. పొగగొట్టంలో పక్షి గూడు ఉంది, గొట్టం సగం మూసుకుపోయింది. మిగిలిన సగం పని కౌసల్య ఫ్యాను చేసిందట. ఇల్లంతా బిగించి ఫ్యాను వేస్తే, అది గాలిని బయటికి తోస్తుంది. పోయిన గాలికి బదులు గాలి ఎక్కణ్నుంచైనా రావాలి కదా, అది ఆ పొగగొట్టంలోంచే వచ్చింది. పైకి పోవలసిన విషాన్ని వెంటబెట్టుకుని మరీ వచ్చింది. అద్దె ఇంట్లో రెండేళ్లకోసారి హీటరు చూపించాలని కూడా చెప్పి, దానికి ఎర్ర చీటీ కట్టి, గ్యాస్ ఆపేసి వెళ్లాడు. ఆ చీటీ ఫోటో చూశాక ఇంటి ఏజెంటు, అంతకుముందు నెలలకొద్దీ పలకనివాడు, మర్నాడే పలికాడు.

"అంటే నా పోపు వాసన వీధిలోకి పంపి, చావును ఇంట్లోకి పిలిచానన్నమాట" అంది కౌసల్య. "ఇంగువ వాసనే నయం. అడిగితే చెప్పు కిరణ్మయీ, మా అమ్మ పోపు అని చెప్పు."

పొగ అలారానికున్న ప్లాస్టిక్ టోపీ తనే కుర్చీ వేయించి తీయించింది. అది మర్నాడే మిరపకాయల మీద చాడీ చెప్పింది. చెప్పనీ అంది.

అప్పట్నుంచి ఎవరింట్లో పేరంటమైనా ద్వారకానాథ్ గారు ఉక్కంటూ కిటికీ దగ్గరికి వెళ్తే, కౌసల్య తిన్నగా వంటింట్లోకి వెళ్తుంది. "ఏమమ్మాయ్, ఫ్యాను వేసి కిటికీ మూశావేం? ఆ హీటరుని చివరిసారి ఎవరు చూశారు? గుర్తులేదా? మొగుడి పుట్టినరోజు గుర్తుంటుందా?" అంటుంది. ఆవిడ మాట అన్నదని కోపగించుకునే ధైర్యం క్లేటన్‌లో ఇంకా ఎవరికీ రాలేదు. అలా ఆ చలికాలంలో మరో రెండిళ్ల హీటర్లకు ఎర్ర చీటీలు పడ్డాయి.

పచ్చికలో తీసిన ఆ ఫోటోను కిరణ్మయి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. అందులో ఒక్కరూ నవ్వలేదు. కౌసల్య గరిటె ఎత్తి కెమెరా వైపు చూపిస్తూ ఉంది.

ఆ ఫోటో పైనే ఇప్పుడు కొత్త హీటరు ఉంది. తెల్లగా, గోడకు పైన, కరెంటుతో నడిచేది. మంటా లేదు, పొగగొట్టమూ లేదు. ఆగస్టు నెలాఖరున ద్వారకానాథ్ దంపతులు ఆగిపోయిన విందుకు మళ్లీ వచ్చారు. ఆయన గుమ్మంలోనే "అబ్బబ్బ..." అని మొదలుపెట్టి, ఆ తెల్లటి పెట్టె చూసి ఆగిపోయారు. అలవాటుగా చాచిన చేతిని ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నారు.

"అక్కడ కాదు" అంది కౌసల్య. "ఇక్కడ." గదిలో అన్నిటికంటే వెచ్చటి కుర్చీ చూపించింది.

ఆయన బెరుగ్గా కూర్చున్నారు. డబ్బీ తీసి పక్కన పెట్టుకున్నారు. అది పాడలేదు. గారెలు వచ్చాయి. రెండో గారెకు కోటు విప్పారు. నాలుగో గారెకు పై స్వెట్టరు విప్పారు. పులిహోర దగ్గర రెండో స్వెట్టరూ విప్పి, నుదురు తుడుచుకుని, సిగ్గుపడుతూ కౌసల్య వైపు చూశారు.

"చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. ఈసారి నిజంగానే ఉక్కపోస్తోంది."

కౌసల్య లేచి వెళ్లి కిటికీ తెరిచింది.